జమున అతికించిన వైరు

తండ్రి రాయమల్లు మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన కొలువు జమునకు వచ్చింది. ఎనిమిదేళ్లుగా ఆమె గోదావరిఖనిలో ఒక గని మీది ల్యాంపు రూములో పనిచేస్తోంది. గనిలోకి దిగేవాళ్లకు టోపీ ల్యాంపులు అందించాలి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. వైరు తెగిన ల్యాంపులు మాత్రం మూలనున్న బల్ల మీదికి పోతాయి. ఆ బల్ల, వాటిని బాగుచేసే సదయ్యది. ఆ పని తనకూ నేర్పమని జమున రెండుసార్లు అడిగింది. చెయ్యి కాలుతుందని చెప్పి అతను నవ్వేసి ఊరుకున్నాడు.

జమునకు పాటలంటే పిచ్చి. క్వార్టర్లో భర్త కిషన్ టీవీ ఒకవైపు, రోడ్డు మీద బొగ్గు లారీలు ఒకవైపు. మరిది వాడకుండా పెట్టిన పెద్ద హెడ్‌ఫోన్లు ఉంటే అడిగి తెచ్చుకుంది. నెల తిరక్కుండానే వాటి వైరు లోపలెక్కడో తెగి కుడిపక్క మూగబోయింది. అలాంటి వైరు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదని తేలింది. సరే, తానే చేసుకుంటానంది జమున.

సౌండు సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్తే, ఏం కావాలో ఇంట్లో సార్‌ను వచ్చి చెప్పమనమని కొట్టతను అన్నాడు. సార్‌కు కాదు, తనకేనని చెప్పినా పూర్తిగా వినకుండా మైకు వైరు కోసి ఇచ్చాడు. అది మొద్దు వైరు. పాటైతే వచ్చింది గానీ, తల తిప్పినప్పుడల్లా వైరు జాకెట్టుకు రాసుకుని, బర్రె గోడకు ఒళ్లు రుద్దుకుంటున్నట్టు చప్పుడు చెవుల్లో మోగింది. రెండు రోజులు ఓర్చుకుని పీకి పారేసింది.

ఈసారి పాత ఇయర్‌ఫోన్లు కోసి లోపలి సన్న తీగలు తీసింది. వాటికి టంకం అంటలేదు. కరిగిన సీసం గుండులా చుట్టుకుని జారిపోయింది. సెలవు రోజు పొద్దంతా అదే సరిపోయింది, రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. చివరికి బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఆగయ్యను అడిగింది.

"ఆ తీగ మీద సన్నటి పూత ఉంటది చెల్లె. అది కాల్చి గీకకుంటే సాల్డరింగ్ ఎట్ల పడ్తది?" అన్నాడతను.

ఆ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి తీగలు కాల్చి, గీకి, ఫోనులో గుచ్చే జాకుకు మూడు అతుకులూ ముత్యాల్లా పెట్టింది. ఊపిరి పీల్చుకుని చూస్తే జాకు తొడుగు బల్ల మీదే ఉంది. వైరుకు ముందే ఎక్కించాల్సింది. ఇప్పుడు రెండో కొసకు హెడ్‌ఫోన్లలో గుచ్చే పిన్నులు ఉన్నాయి, అటునుంచీ ఎక్కదు. అతుకులు మళ్లీ ఊడదీయబోతే జాకులోని ప్లాస్టిక్ కరిగిపోయింది.

"బజార్ల ఇంకో హెడ్‌ఫోన్లు కొంటే అయిపాయె. గీ తిప్పలెందుకు?" అన్నాడు కిషన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

జమున చాయ్ గ్లాసు అతని ముందు కొంచెం గట్టిగానే పెట్టింది.

కొత్త జాకుతో వైరు పూర్తయింది. రెండు చెవులూ పలికాయి. పలికాయే గానీ పాట పాటలా లేదు. పాడే మనిషి ఎదురుగా ఉండకుండా ఏ నూతిలోనో నిలబడి పాడుతున్నట్టుంది, డప్పు దెబ్బకు బరువే లేదు. అతుకులన్నీ మూడుసార్లు లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు. తప్పెక్కడుందో కనబడితే దిద్దుకోవచ్చు, కనబడని తప్పును ఏం చేయాలి? వైరును గోడకేసి కొట్టాలనిపించింది.

వైరూ హెడ్‌ఫోన్లూ తీసుకెళ్తే ఆగయ్య మీటరు పెట్టి చూశాడు. ఎడమ పక్క రెండు తీగలు తారుమారయ్యాయని, అందుకే ఒక చెవి ముందుకు నెడితే ఇంకోటి వెనక్కి లాగుతోందని చెప్పాడు. రెండూ ఒకే రంగు, ఆమె గుర్తు పెట్టుకోలేదు. అతను సరిచేయబోతుంటే జమున చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చూపియ్యి అన్నా. నేనే చేస్త."

అక్కడే స్టూలు మీద కూర్చుని తీగలు మార్చి అతికించింది. చెవులకు పెట్టుకుంటే ఈసారి గొంతు తిన్నగా ఎదుటికి వచ్చి నిలబడింది. కొట్టు ముందు బస్సు హారన్ కొడుతున్నా పాట మొత్తం విని గానీ లేవలేదు.

మర్నాడు ఆ వైరును, దాంతోపాటు బల్ల పని నేర్పించమని రాసిన దరఖాస్తును సదయ్య ముందు పెట్టింది. అతను కళ్లద్దాలు సర్దుకుని అతుకులు గిల్లి చూశాడు.

"పని మంచిగనే ఉన్నది బిడ్డా. గానీ ఇది పాటలు వినేది. ల్యాంపు వేరు. కింద మనిషి పానం దాని మీద ఉంటది."

"అందుకే నేర్పుమంటున్న కాకా."

చూద్దామంటూ కాగితాన్ని సొరుగులో వేశాడు. వారం తర్వాత కూడా అది అక్కడే, తుడుపు గుడ్డ కింద పడి ఉంది. జమున దాన్ని తీసుకుని డ్యూటీ దిగాక ఇంజనీరు ఆఫీసుకు పోతే, సదయ్య సంతకం లేనిదే తీసుకోనని గుమాస్తా తిప్పి పంపాడు. తిరిగొచ్చేసరికి సదయ్య వెళ్లిపోయాడు.

మరుసటి పొద్దున ఫస్టు షిఫ్టువాళ్లు కిటికీ ముందు వరుస కట్టకముందే, ఆమె కాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడింది. అక్కణ్నుంచి కదలలేదు. సదయ్య మొహం చిట్లించుకుని సంతకం గీకాడు.

గుమాస్తా కాగితం తీసుకుని నెల కావస్తోంది. బల్ల పని నేర్పమనే ఆర్డరు ఇంకా రాలేదు. జమున సోమవారం సోమవారం వెళ్లి అడిగి వస్తోంది.