మడత పెట్టిన చీర

మా ఆయనది మిలట్రీ ఉద్యోగం. పెళ్ళయ్యాక నేను పట్టుకున్న ప్రతి పనీ బదిలీ కాగితం రాగానే అక్కడికక్కడే ఆగిపోయింది. ట్యూషన్లు చెప్పాను, జాకెట్లు కుట్టాను. ఊరు మారగానే మళ్ళీ మొదటికే వచ్చేదాన్ని. ఈసారి ఆయన్ని కుటుంబాలను రానివ్వని చోటికి వేశారు. నేను ఒడిశాలోని బరంపురం వచ్చి, అంకులి పేటలో మా పుట్టింట్లో దిగాను. ఎక్కడికి వెళ్ళినా నా వెంట వచ్చే పని ఒకటి చూసుకోవాలని పంతం పట్టాను.

పని ఇంట్లోనే దొరికింది. మాది చీరల దుకాణం. పాత క్వార్టర్లలోని స్నేహితులకు వీడియో కాల్‌లో బరంపురం పట్టు చూపించాలి. మాట్లాడేది నేను, దుకాణంలో చీర విప్పి చూపించేది మా తమ్ముడి భార్య. రేపు నేను ఏ మూలన ఉన్నా ఈ ఏర్పాటు సాగాలి కదా, అందుకని మరదలికి పని నేర్పడం మొదలుపెట్టాను.

నిజం చెప్పొద్దూ, దుకాణంలో చీరలు పరిచి చూపించే తెల్ల పరుపు మీద ఆమె కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళికి ముందు అది నా చోటు. నాన్న పక్కన కూర్చుని ఒక్క విసురుతో చీరను కొంగు దాకా పరిచేదాన్ని. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన ఆమె టీ గ్లాసు, ఆమె కళ్ళజోడు. వచ్చిన ఒడియా ఆడవాళ్ళు కూడా ఆమెనే అడుగుతున్నారు. నేను చుట్టపు చూపుగా వచ్చినదానిలా స్టూలు మీద కూర్చునేదాన్ని.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ళు కూర్చుని ఉండగా చీర మడవకూడదు. మడిస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టే. విప్పినవన్నీ ఒకదాని మీద ఒకటి అలా పడి ఉండాల్సిందే. ఒకరోజు కాల్‌లో నేను మాట్లాడుతూ ఉండగానే మరదలు చీర మడిచేసింది. ఫోన్ కట్టేసి, నాన్న ముందే కసిరాను.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"ఫోన్లో సూసేవోళ్ళకి సీరల గుట్టే కనబడతాది వదినా. ఒకటి మడిసీసి ఇంకోటి సూపిస్తే కదా, ఏటి కావాలో ఆళ్ళకి తెలిసేది."

మర్నాటి నుంచి ఆమె మడుస్తూనే చూపించింది, చీరలు అమ్ముడుపోవడం మొదలైంది. సంతోషించాల్సింది పోయి నాకది మింగుడుపడలేదు. ఆ పరుపు మీద పుట్టి పెరిగింది నేను, తోచింది ఆమెకు.

కొన్నాళ్ళకు మా ఆయనకు బదిలీ అయి, దూరంగా ఒక చలి ప్రాంతంలో క్వార్టర్ దొరికింది. ఈసారి పని నిజంగానే నా వెంట వచ్చింది. అక్కడ దిగి పెట్టెలు విప్పకముందే పక్కింటావిడ మా ఇంటికి వచ్చి ఫోన్లో చీరలు చూసింది. చూస్తూ చూస్తూ, ఈ అమ్మాయి ఎవరు, ఎంత చక్కగా చూపిస్తోందో అని హిందీలో మెచ్చుకుంది.

"మా మరదలు. నేనే నేర్పాను," అన్నాను.

మరదలికి హిందీ బాగా వచ్చు. అంతా వింది. చేతిలో చీరను మడిచి పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.