కోయకుండా చెప్పే లెక్క

ఏసుపాదం ఉద్యోగమంతా కోయకుండా చెప్పడమే. దూరపు ఊళ్లో, అణు ఇంధనం తయారుచేసే కర్మాగారంలో, కొలతల విభాగంలో ఉండేవాడు. యురేనియం దిమ్మను కోయకుండా, కరిగించకుండా దాని మీదికి న్యూట్రాన్లను పంపేవాడు. అవి తగిలి లోపల కేంద్రకాలు చీలితే కొత్త న్యూట్రాన్లు బయటికొస్తాయి. వాటిని లెక్కపెట్టి, చీలే సరుకు ఎంతుందో చెప్పేవాడు.

ఒక చిక్కుంది. దిమ్మ మందమైతే, పంపినవాటిని పైపొరే మింగేస్తుంది. నడిమికి చేరవు. లోపల ఎంతున్నా లెక్క తక్కువే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదట ఇదే నేర్పేవాడు.

"తక్కువొచ్చిందని సంబరపడకండి బాబూ. మందం చూడండి."

రిటైరై పటమటలో స్థిరపడ్డాక భార్య స్టెల్లా కడుపులో గడ్డ కనబడింది. స్కాన్‌లో చిన్నదే. ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నాడు డాక్టరు. స్టెల్లా సరేనంది. ఏసుపాదమే ఒప్పుకోలేదు.

"చూడ్డానికి ఇన్ని మిషన్లుండగా కొయ్యడమెందుకండీ? ఇంకోసారి స్కాన్ తీద్దాం."

తీశారు. చిన్నదిగానే ఉంది. అతను సంబరపడ్డాడు.

ఇప్పుడది కాలేయమంతా పాకింది. ఇంటికి తీసుకెళ్లమన్నారు.

పామర్రు నుంచి స్టెల్లా చెల్లెలు తెరేసమ్మ వచ్చింది. మంచం పక్కన కూలబడి ఏడ్చింది. ఏడుపు ఆగాక తిట్లు మొదలుపెట్టింది.

"అప్పుడే ఆ ముక్కేదో తీయించుకుని చావొచ్చుగా అక్కా! సూదంటేనే ఆమడ దూరం పరిగెత్తే మొహం! బావగారు ఎంత మొత్తుకున్నారో ఏమో."

"మొత్తుకున్నారే. నేనే వినలేదు," అంది స్టెల్లా, గోడకేసి చూస్తూ.

ఏసుపాదం కుర్చీలోంచి లేచాడు.

"అది సరేనంది తెరేసా. వద్దన్నది నేను."

"చాల్లెండి బావగారూ! పెళ్లైన కాణ్ణుంచీ దాన్ని వెనకేసుకురావడమేగా మీ పని," అని తెరేసమ్మ ముక్కు చీదుకుని, గంజి కాయడానికి వంటింట్లోకి వెళ్లింది.

"నన్ను చెప్పనివ్వవా?" అన్నాడతను.

"చెప్పి ఏం చేస్తారు? రేపు మీకింత ముద్ద పెట్టేది అదేగా."



"బావగారూ, ఉప్పెక్కడ?" తెరేసమ్మ కేక.

అతనికి తెలియదు. స్టెల్లా వైపు చూశాడు.

"గట్టు కింద... పచ్చమూత డబ్బా."

ఆ గొంతు గుమ్మం దాకా కూడా వెళ్లదు. అదే మాట అతను గట్టిగా చెప్పాడు.