ఉమాకాంతం గీసిన నీళ్ళ దారులు

ఉమాకాంతం ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. మేడెక్కి నీళ్ళ ట్యాంకుని పలకరిస్తాడు. అక్కణ్ణించి పైపు ఎటు దిగింది, ఏ గదికి మళ్ళింది, ఏ కుళాయి దగ్గర ఆగింది, అంతా కాగితం మీద గీసుకున్నాకే కాఫీ ముట్టుకుంటాడు. అప్పటికి కాఫీ చల్లారిపోయి, ఇచ్చినవాళ్ళు వేడెక్కి ఉంటారు. హైదరాబాదులో ఒక హోటల్లో రెండేళ్ళు పైపుల పని చూసినప్పుడు అంటుకున్న విద్య ఇది.

చిల్లకల్లులో గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు శుభలేఖ వెనకే బొమ్మ గీసి, ఒక గీతని ఎర్ర పెన్సిలుతో దిద్ది, పీటల మీదున్న ఇల్లాలితో "వంటింటి వెనకాల మీకో చచ్చు పైపు ఉందమ్మా" అన్నాడు.

"శుభమా అని కొత్తింట్లోకి వస్తుంటే చావు మాటేంటండీ?" ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చివర మూసేసిన పైపమ్మా. అందులో నీళ్ళు కదలకుండా, గోరువెచ్చగా నిలవుంటే లీజియొనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. షవరు తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే నిమోనియా!"

ఉమాకాంతం పక్కింటి వెంకటరత్నం చెవి ఒగ్గాడు. "లీజా? ఎన్ని నెలలకండీ?"

ఉమాకాంతం భార్య అమ్మణ్ణి ఆ రోజు విస్తరి ముందు తల ఎత్తలేదు.

కానీ ఆమె దిగులు వేరు. ఇల్లు జగ్గయ్యపేటలో. ఆయన ఉద్యోగం నందిగామలో, ఒక ఇంజినీరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్. రోజూ బస్సులో తిరగడానికి నడుము ఒప్పుకోదని వారమంతా అక్కడే గది తీసుకుని ఉండేవాడు. శనివారం మధ్యాహ్నమే ఆఫీసు మూసేసినా, మనిషి ఆదివారం పొద్దుటికిగానీ వచ్చేవాడు కాదు. శనివారం సాయంత్రం రోడ్డు మీద ఏ బస్సు చప్పుడైనా అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చేది.

వచ్చాక మాత్రం ఏముంది? ఒక ఆదివారం కొత్త నేతచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. ఉమాకాంతం కళ్ళు చిట్లించి తదేకంగా చూశాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి ఆ చూపు! అమ్మణ్ణి గుండె ఝల్లుమంది.

"కాస్త పక్కకి జరుగు," అన్నాడు. "నీ వెనకాల గోడ చెమ్మగిల్లింది."

ఆ తరవాతి శనివారం సాయంత్రం, 2003 వేసవిలో, ఆమె పులిహోర డబ్బా పట్టుకుని నందిగామ బస్సెక్కింది. ఆయన గదికి తాళం వేసుంది.

"శనివారమైతే నర్సింగ్ హోములో ఉంటారు గదమ్మా," అంది ఇంటావిడ.

ఒంట్లో బాగాలేదా? లేకపోతే... ఆ పైమాట మనసులో కూడా అనుకోలేక అమ్మణ్ణి గబగబా అటు నడిచింది.

నర్సింగ్ హోములో గోడ మీద పెద్ద పటం కనిపించింది. ట్యాంకు, గీజరు, పైపులు, కుళాయిలు. ఎవరి చేతి గీతో చెప్పక్కర్లేదు.

"మా ఉమాకాంతం సారు గీసిందేనండి," అంది హెడ్ నర్సు కృపావతి. "ఆ బొమ్మ చూసే చచ్చు పైపులన్నీ కోయించేసాం. గీజరు వేడి కూడా పెంచాం. పై గదులు ఖాళీగా ఉంటాయి కదండీ, అక్కడి కుళాయిలు వారానికోసారి తిప్పి నీళ్ళు వదలాలంట. మాకు మనుషులు చాలరు. రెండేళ్ళనుంచీ ప్రతి శనివారం, కింద నీళ్ళ వాడకం తగ్గాక రాత్రిపూట, ఆయనే వచ్చి వదుల్తున్నారు. ఊపిరాడని ముసలోళ్ళొచ్చే చోటు, వాళ్ళకి ఆ క్రిమి సోకితే తట్టుకోలేరంటారు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మాతోనూ అంతేనండి. కుశలమడిగితే ట్యాంకు కుశలం చెప్తారు."

మేడ మీద మొదటి గదిలో ఉమాకాంతం, తుంపర లేవకుండా షవరుకి గుడ్డ చుట్టి నీళ్ళు వదిలి, స్టూలు మీద కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. భార్యని చూసి దొరికిపోయినవాడిలా లేచాడు.

"ఒక్క ముక్క చెప్తే వద్దంటానా?" అంది అమ్మణ్ణి.

"శనివారం శనివారం గుమ్మంలో నించుంటావంటగా. వెంకటరత్నం చెప్పాడు." ఉమాకాంతం నసిగాడు. "అసలు సంగతి తెలిస్తే ఎదురుచూడ్డం మానేస్తావేమోనని..."

కోప్పడదామనుకున్న అమ్మణ్ణి, ఆ మాటకి కోపం మరిచి షవరుకేసి చూసింది. "ఎంతసేపిలా?" అని అడిగింది.

"గదికి ఐదు నిమిషాలు. అయ్యేదాకా కదలకూడదు."

ఐదు నిమిషాలు! ఈ మనిషి ట్యాంకు దగ్గరికి పరిగెత్తకుండా, పెన్సిలు పట్టకుండా, పక్కనే! అమ్మణ్ణి మంచం అంచున కూర్చుని డబ్బా మూత తీసింది.

"ఇలాంటి గదులెన్ని?"

"తొమ్మిది."

వేళ్ళ మీద లెక్కేసుకుంది. ముప్పావు గంట.

"అంతేనా?" అంది. "ఇంకో అంతస్తు వేసి ఉండాల్సింది వీళ్ళు."