కూత మారింది

కబడ్డీలో ఎదుటి జట్టు సగంలోకి వెళ్లిన మనిషి మళ్లీ ఊపిరి పీల్చకుండా ఒకే మాట అంటూ ఉండాలి. దాన్ని కూత అంటాం. కూత సాగినంతసేపే ఆ నేల మీద తిరిగే హక్కు. మా ఊరి ఆడపిల్లల జట్టులో అందరికంటే పొడుగు కూత నా స్నేహితురాలిది. నేను కుడి మూల నిలబడేదాన్ని. వచ్చినవాళ్ల చీలమండ పట్టుకోవడం నా పని. ఆమె కూతకు వెళ్తే నాకు పని ఉండదు కాబట్టి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వినేదాన్ని. ఇరవై ఏళ్లు దాటింది. ఈమధ్య ఏ పనీ లేని మధ్యాహ్నాల్లో ఆ గొంతు మళ్లీ వినాలనిపిస్తుంది. ఇది దేనికీ రుజువు కాదు. ఉత్త కోరిక.

పామర్రు నుంచి కూచిపూడి వెళ్లే దారిలో కాలువ వంతెన దాటితే మా ఊరు. కోతలు అయిపోయాక బడి వెనక చేలో గీతలు గీసి, మిల్లు నుంచి ఊక తెచ్చి పరిచేవాళ్లం. పడితే దెబ్బ తగలకూడదని ఊక. దెబ్బ సరిగ్గానే తగిలేది, పైగా చెమటకు ఊక అంటుకుని ఇంటికెళ్లేసరికి వడియాల్లా ఉండేవాళ్లం. ఆమెది ఊరి బయటి పల్లె. తల్లి నాట్లకూ కోతలకూ వెళ్లేది, ఆదివారం ఇద్దరూ తెల్లచీర, తెల్ల ఓణీతో చర్చికి వెళ్లేవాళ్లు. అదే ఆదివారం మా నాన్న నన్ను ఊరి గ్రంథాలయానికి తీసుకెళ్లేవాడు. అక్కడ వాదసభ. విధవా వివాహం దగ్గర్నుంచి వాస్తు దాకా దేని మీదైనా ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి వాదించాలి. ‘ఎవరు చెప్పారు, ఆధారమేమిటి’ అని అడగడం అక్కడే నేర్చుకున్నాను. ఎప్పుడు అడగడం ఆపాలో మాత్రం ఆ సభలో ఎవరూ చెప్పలేదు.

మాకు ఆట నేర్పే మాస్టారు విజయవాడ వన్ టౌన్ నుంచి వారానికి రెండు రోజులు బస్సులో వచ్చేవారు. ముస్లిం పెద్దాయన. సన్నగా, ఈలకు కట్టిన తాడులా ఉండేవారు. మొదటి రోజే ఆయన కూత దగ్గర ఆపారు.

“చెడుగుడు కాదమ్మా. కబడ్డీ అనాలి. ప్రతిసారీ, విడివిడిగా, వినబడేలా.”

మా ఊళ్లో ఆ ఆట పేరు చెడుగుడు, కూత కూడా చెడుగుడే. పల్లె పిల్లలైనా, బజారు పిల్లలైనా అంతే. నేను చెయ్యెత్తాను.

“ఎందుకండీ? మా అమ్మమ్మల నాటి నుంచీ చెడుగుడు అనే ఆడుతున్నారు గదండీ.”

“రూల్సు పుస్తకంలో కబడ్డీ అని ఉంది తల్లీ.”

“పుస్తకంలో ఉందని ఒప్పుకునేది భక్తులండీ. కారణం చెప్పండి.”

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. “నేను నిన్ను నమ్మమనలేదు. అనమన్నాను,” అన్నారు.

ఆ వాక్యంలో ఎంత ఉందో పదహారేళ్లకు నాకు తెలియలేదు. ఓడిపోయిన మనిషి వేసే హాస్యం అనుకున్నాను. ఆయన రాని అయిదు రోజులూ నాదే రాజ్యం. సొంత మాట ఉండగా పరాయి మాటతో ఊపిరి ఎందుకు ఖర్చు పెట్టాలని ఊకలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఆ అయిదు రోజులూ అందరం చెడుగుడే అనాలని తీర్మానం చేయించాను. ఆమెకు అది హాయిగా ఉండేది. “కబడ్డీ అంటే పెదాలు కలవాల్సొస్తందే, ఇదైతే నాలికే దొర్లుద్ది,” అనేది. నిజంగానే ఆ మాట మీద ఆమె కూత గట్టు మీద సైకిల్ పోయినట్టు పోయేది. అవతల చివరి గీత దాకా వెళ్లి, ఒకరిని తాకి, తిరిగి వచ్చి, ఇవతల నిలబడి కూడా ఇంకో నాలుగుసార్లు అనేది. మమ్మల్ని వెక్కిరించడానికి.

ఆ వేసవిలో పామర్రులో పదిహేడేళ్లలోపు క్లబ్బు జట్లకు పోటీలు పెట్టారు. నాకౌట్. ఓడితే బస్సెక్కడమే. మాస్టారు ఆ కబురు చెప్పిన రోజున ఇంకో సంగతి కూడా చెప్పారు. ఫైనల్ చూడటానికి స్పోర్ట్స్ హాస్టల్ నుంచి మనుషులు వస్తారట, ఫైనల్ ఆడినవాళ్లలోంచి కొందరిని తీసుకుంటారట. సీటు వస్తే చదువు, తిండి, బూట్లు, ఆట అన్నీ వాళ్లవే. మాలో ఆరుగురికి అది ఒక ముచ్చట. ఆమెకు మాత్రం అదొక్కటే దారి. పదో తరగతి పరీక్షలు రాసింది. సీటొస్తే ఇంటర్ చదువుతుంది, రాకపోతే విజయవాడలో ఆసుపత్రిలో ఆయాగా చేసే పిన్ని దగ్గరికి పంపిస్తానని తల్లి ముందే చెప్పింది. ఆ తల్లి ఒకసారి మా ప్రాక్టీసు చూడటానికి వచ్చింది. గట్టు మీద కూర్చుని అంతా చూసి నన్ను పిలిచింది.

“ఏవమ్మా, మీ నాన్నగారు చదువుకున్నోరు. చెప్పు. మా పిల్ల ఆడుద్దా, ఊరికే పరిగెడుద్దా?”

“ఆడుద్దండీ.”

“అట్టయితే సరే.”

పోటీల మొదటి రోజు అన్ని జట్లూ గీత దగ్గర కొబ్బరికాయలు కొట్టాయి. ఒక జట్టు పిల్లలు కాళ్ల కింద నిమ్మకాయలు తొక్కి లోపలికి వెళ్లారు. మా జట్టులో అలాంటివి వద్దని నేను ముందే పట్టుబట్టాను. ఆమె మాత్రం చెట్టు పక్కకి వెళ్లి కళ్లు మూసుకుంది.

“అవతలి వాళ్లూ మొక్కారే. ఇద్దరూ మొక్కితే ఆయన ఏం చేస్తాడు?” అన్నాను.

“డ్రా చేస్తాడు.”

“నాకౌట్లో డ్రా ఉండదే.”

“అయితే ఆయనకి రూల్సు నువ్వే చెప్పు. మాస్టారికి చెప్పినట్టు.”

ఆ రోజు రెండు మ్యాచ్‌లు గెలిచాం. రెండింటిలోనూ ఆమె జాగ్రత్తగా కబడ్డీ అనే అంది. పెదాలు కలిపి, విడివిడిగా, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. కూత కొంచెం పొట్టిగా ఉంది, అయినా సరిపోయింది.

మర్నాడు సెమీస్. గెలిస్తే ఫైనల్, ఆపైన హాస్టల్ మనుషులు. అవతలి వాళ్లు బలమైనవాళ్లు, మా మూలలు రెండూ చితకగొట్టారు. చివరి కూతకు స్కోరు సమంగా ఉంది. వెళ్లాల్సింది ఆమె. ఒకరిని తాకి వస్తే మేం ఫైనల్లో ఉంటాం.

వెళ్లింది. ఎడమ మూల పిల్ల భుజం తాకింది. అందరం చూశాం. తిరిగేలోపు ఆ పిల్లే పడిపోతూ పాదం పట్టేసింది. ఇంకో ఇద్దరు నడుం మీద పడ్డారు. ఆమె నేల మీద పాకుతోంది, ఊక నోట్లోకి పోతోంది, మధ్యగీత జానెడు దూరం. కూత సాగుతూనే ఉంది. సన్నగా, దారంలా. కబడ్డీ, కబడ్డీ. చెయ్యి చాచింది. వేళ్లు గీతకు తగలబోతున్నాయి. అప్పుడు విన్నాను. చెడుగుడు, చెడుగుడు. ఒక్కసారిగా కూతకు బలం వచ్చింది, చెయ్యి గీత దాటింది. దాటకముందే ఈల పడింది.

“కూత మారింది,” అన్నాడు రిఫరీ. పాయింటు అవతలి వాళ్లకిచ్చాడు. మ్యాచ్ అయిపోయింది.

నేను గ్రంథాలయంలో నేర్చుకున్నదంతా రిఫరీ మీద ప్రయోగించాను. ఊపిరి ఆగలేదు కదా, ఆగిందని మీరు చెప్పగలరా అన్నాను. కూత పెట్టడంలోని ఉద్దేశం ఊపిరిని పరీక్షించడమా, భాషనా అన్నాను. ఈ ఆట ఈ నేలలో పుట్టిందే కదా, ఆ పేరు నేరమెలా అవుతుందన్నాను. జనం మూగారు. నా వాదం బాగుందని ఎవరో వెనక నుంచి అన్నారు, దాంతో ఇంకా రెచ్చిపోయాను.

“ఆట ఒకటేనమ్మా. కూత ఒకటి కాదు,” అన్నాడాయన. కోపం లేదు. అది నన్ను మరీ మండించింది.

మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు. “చాలమ్మా, ఇక పద.”

ఆమె ఒకసారి వచ్చింది. మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. “ఊరుకోవే. నేను అన్నాను. నాకూ వినపడింది,” అంది.

“నువ్వాగు. ఇది నీ ఒక్కదాని సంగతి కాదు,” అన్నాను.

నిజంగా ఆ మాటే అన్నాను. మిగిలినవన్నీ మరిచిపోయినా ఇది మరవలేదు. ఆమె కుళాయి దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కుంది. నేను వాదిస్తూనే ఉన్నాను. వాదం అయ్యి, అంటే రిఫరీ వెళ్లిపోయి నేను ఇటు తిరిగేసరికి, ఆమె, మ్యాచ్ చూడటానికి వచ్చిన తల్లీ కూచిపూడి బస్సెక్కి వెళ్లిపోయారని పిల్లలు చెప్పారు.

నెలలోపే ఆమె పిన్ని దగ్గరికి వెళ్లింది. ఒకటి రెండుసార్లు ఊళ్లో కనబడితే, “ఏంటే, బాగున్నావా” అంటే “బాగున్నావా” అనుకున్నాం. తర్వాత ఆయాగా చేస్తూనే చదివి, నర్సింగు కోర్సు చేసి, స్టాఫ్ నర్సు అయిందని తెలిసింది. అంతా మన మంచికే జరుగుతుందనేవాళ్లు ఇక్కడ తలూపుతారు. ఆ తర్కాన్ని నేను ఒప్పుకోను. నర్సు ఉద్యోగం మంచిది కాబట్టి ఆ జానెడు దూరం ఆమెకు అక్కర్లేదనడం, ఇంకొకరి కోరికను మన వీలు కోసం చెరిపేయడమే.

నేను మాత్రం ఏం చేశాను? ఈ కథను వేదికల మీద చెప్పాను. తెలుగు మాటకు జరిగిన అన్యాయానికి ఉదాహరణగా. చప్పట్లు పడ్డాయి. ఏ ఊళ్లోనూ, ఆ మాటను ఆమె నోటికి అలవాటు చేయించింది నేనే అని చెప్పలేదు. చెప్పని ఆ మాట లోపల్లోపల పెరిగింది. వాదానికి వాదం చెప్పేవాళ్లు ఎందరో దొరికారు గానీ, డ్రా చేస్తాడని నా నోరు మూయించిన మనిషి మళ్లీ దొరకలేదు.

కిందటేడు వెళ్లాను. ఆమె పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్‌లో, డ్యూటీ ఎక్కడానికి అరగంట ముందు కలిసింది. బొద్దుగా అయింది. ఎడమ మోకాలి నొప్పి, మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటుంది.

“ఏమే, జుట్టంతా ఎటు పోయిందే? వాదించి వాదించి ఊడిందా?” అంది.

నేను ధైర్యం కూడగట్టుకుని చెప్పాల్సింది చెప్పాను. తీర్మానం నాదేననీ, ఆ మాట నేను అలవాటు చేయించకపోతే ఆ రోజు కూత తప్పేది కాదనీ, ఆ సీటు నా వల్లే పోయిందనీ. ఆమె టీ ఊదుకుంటూ విన్నది.

“నువ్వు అలవాటు చేయించావా?” అంది. “నాకు నడక రాకముందు నుంచీ మా పల్లెలో అదే కూత. మా అమ్మా అదే అనింది. ఊపిరి పోయేటప్పుడు మాస్టారి మాట ఎట్టా వస్తదే, నా మాటే వచ్చింది. అది కూడా నీ ఖాతాలో వేసుకుంటావా?”

ఇరవై ఏళ్లుగా మోసిన తప్పు కూడా నా గొప్పలో భాగమే అన్నమాట.

“సీటు పోయినందుకు ఏడవలేదని చెప్పను,” అంది. “ఏడాదంతా ఏడ్చాను. టీవీలో ఆ ఆట వస్తే ఇప్పటికీ అవతల గదిలోకి పోతాను. కానీ నీ మీద కోపం దానిక్కాదు.”

“మరి?”

“ఆ రిఫరీతో అంతసేపు మాట్లాడావు. నేను కుళాయి కాడ కూకొని చూస్తన్నా, ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తదని. రెండు బస్సులు వదిలేశాను. అమ్మ తిట్టింది. మూడోదెక్కాను.”

రెండు బస్సులు. నాకు తెలియదు. ఏ జవాబైనా చెప్పవచ్చు, నాకు జవాబులకు కొదవ లేదు. కుర్చీ ఆమె వైపుకు జరుపుకుని కూర్చున్నాను.

ఆమె గడియారం చూసుకుని లేచింది. టోపీ సర్దుకుంది.

“ఎనిమిదింటి దాకా డ్యూటీ. నీకు ఊరెళ్లే తొందరుందేమో.”

“లేదు,” అన్నాను. “ఇక్కడే కూర్చుంటాను.”

“ఆరు గంటలు పడుద్దే.”

“తెలుసు.”

“సరే. ఆ ఫ్యాన్ కింద కూర్చో. ఇక్కడ ఉక్కపోస్తది,” అని, రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది.