దాలమ్మ పన్నెండు అడుగులు

బెంగాల్ ఓడరేవు పేట ఏక్‌బాల్‌పూర్‌లోని తెలుగువాళ్లలో కంప్యూటర్ పరీక్ష మొదటి తరగతిలో నెగ్గిన తొలి ఆడపిల్ల, ఓడలాగే గోదీలో కళాసీ పనిచేసే గురువులు కూతురు దాలమ్మ. అది 2006 డిసెంబరు మాట. వికలాంగులకు కంప్యూటర్ పని నేర్పి ఉద్యోగం చూపించే కేంద్రంలో ఇరవై ఇద్దరు పరీక్ష రాస్తే పైస్థానం ఆమెదే. నిమిషానికి నలభై ఆరు ఇంగ్లీషు మాటలు కొట్టింది, రెండే తప్పులు. చదివింది బెంగాలీ బడి, ఇంట్లో మాట సిక్కోలు తెలుగు. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు చిక్కిపోయింది. చంకకర్రతో రెండు బస్సులు మారి తొమ్మిది నెలలు ఒక్క నాగా లేకుండా వెళ్లింది. బంద్ రోజులు లెక్కలోకి రావు, ఆనాడు బస్సులే లేవు. "తాడాతాడి, దిదీ!" అని కండక్టరు తొందరపెడితే అంతకన్నా గట్టిగా అరిచి మరీ ఎక్కేది.

జనవరిలో కేంద్రం టీచరు జ్ఞానప్రసూన ఆమెకు సాల్ట్ లేక్‌లోని కంపెనీ ఒకదానిలో ఉద్యోగం కుదిర్చింది. వికలాంగులకని విడిగా ఉంచిన ఉద్యోగం. కాగితాలు వెళ్లిన వారానికే జవాబొచ్చింది. సర్కారు సర్టిఫికెట్లో వైకల్యం ముప్పయి శాతమే ఉంది, నలభై ఉండాలి. నెలాఖరులోగా కొత్తది తేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

దాలమ్మ ఇంటికొచ్చి కర్రను గోడకేసి కొట్టింది.

"ఒలే, ఏటయినాది?" అన్నాడు గురువులు.

"నీ ముప్పయ్యే అయినాది!"

ఆ ముప్పయి వెనక కథ ఉంది. మూడేళ్ల కిందట ఆమెను ఆ సర్టిఫికెట్ కోసం సర్కారు ఆసుపత్రి డాక్టర్ల బోర్డు ముందుకు తీసుకెళ్లడం గురువులుకు పెళ్లిచూపులకన్నా పెద్ద పనిగా తోచింది. ఇస్త్రీ బట్టలు కట్టించాడు, తలకు నూనె రాయించాడు. గేటు దగ్గర కర్ర లాక్కుని శనగలమ్మేవాడి చేతిలో పెట్టాడు. "ఇంతమంది పెద్దోల్ల ముందర కుంటుతావేటి? పరువు తియ్యకు. గట్టిగా నడిసి సూపించు." దాలమ్మ పెదవి కొరుక్కుని, చున్నీ చాటున తొడను అదిమిపట్టి పన్నెండు అడుగులు నడిచింది. డాక్టరు ముప్పయి రాశాడు. గురువులు ఆ కాగితాన్ని గల్లీ అంతా తిప్పాడు. "సూసినారా? మా గుంటకి వందలో ముప్పయే లోటు. డెబ్బయి బాగున్నట్టే!"

"నానేటి ఎరుగుదును?" అన్నాడిప్పుడు. "నిన్ను కుంటిదనకూడదనే కదేటి?"

"నన్నంటే నాకు నొప్పా, నీకు నొప్పా?"

 మర్నాడు గురువులు కూతుర్ని పార్టీ ఆఫీసుకు లాక్కెళ్లాడు. అక్కడి నాయకుడు నిమాయ్‌దా బోర్డుకు సిఫారసు చీటీ రాసిచ్చి, పనిలో పనిగా చెల్లెలికి చెప్పినట్టు సలహా కూడా పడేశాడు. "ఈసారి బాగా కుంటు, బోన్. అవసరమైతే డాక్టరు ముందు పడిపో."

"ఔనే, పడిపో," అన్నాడు గురువులు హుషారుగా.

దాలమ్మ ఒళ్లు మండిపోయింది. "ఆనాడు కుంటొద్దన్నావు. ఈనాడు పడిపొమ్మంటన్నావు. నా కాలేటి, నాటకాల కంపెనీయా? ఎలగుందో అలగే నడుస్తాను. ఇస్తే ఇస్తారు, నేకపోతే నేదు." చీటీని నిమాయ్‌దా టీ గ్లాసు కింద పెట్టి బయటికి నడిచింది.

జనవరి 25న బోర్డు. పాత కాగితం చూసి డాక్టరు కళ్లు చిట్లించాడు. పోలియో కాలు మూడేళ్లలో ఇంత పాడవుతుందా? ఉద్యోగం కోసం నటించేవాళ్లు రోజూ వస్తారన్నాడు. గదిలో అందరి చూపూ దాలమ్మ మీదే. ఆమె మాత్రం తండ్రినే చూసింది.

"సెప్పు, అయ్యా. నువ్వే సెప్పాల."

ముప్పయ్యేళ్లు గోదీలో ఓడ మోతను మించి అరిచిన మనిషి డాక్టరు బల్ల దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. వచ్చీరాని బెంగాలీలో, ఆనాడు కర్ర దాచింది తానేననీ, పిల్ల తప్పు లేదనీ, బాగున్నట్టు చూపించాలని తానే నడిపించాననీ చెప్పాడు. డాక్టరు టేపు తీసి రెండు కాళ్లూ కొలిచాడు. అంతకు ముందు ఎవరూ కొలవలేదు. యాభై అయిదు రాశాడు.

ఉద్యోగం నిలిచింది. కంపెనీ ఆరు వారాల శిక్షణకు ఆమెను హైదరాబాదు పంపింది. ఫిబ్రవరిలో హౌరా స్టేషన్లో సంచీ అందిస్తూ గురువులు అడిగాడు. "కోపం పోనాదేటే?"

"పోనేదు. ఉజ్జోగం ఏరు, కోపం ఏరు."

"మరెప్పుడు పోతాది?"

"వొచ్చినాక సూద్దాం," అని ఆమె రైలు తలుపు దగ్గర్నుంచి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె తిరిగొచ్చే తేదీ 2007 మార్చి 24, శనివారం; గురువులు ఇంటికెళ్లగానే క్యాలెండరులో దాని చుట్టూ సున్నా చుట్టాడు.