టైటు తాత పసుపు గీత

ఆ జెయింట్ వీల్ ఫిట్టర్‌ని ఎగ్జిబిషన్ మైదానంలో అందరూ టైటు తాత అనే పిలుస్తారు. పిలవక ఏం చేస్తారు! ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కతో సంసారమంతా ఈదేశాడు మహానుభావుడు. మనవరాలి బూట్లు పట్టకపోతే టైటు. టికెట్ లేనిదే సొంత బావమరిదిని కూడా లోపలికి వదలని గేటు కాపలావాడు మహా టైటు మనిషి. జనం కిటకిటలాడినా టైటే, పనికి తీరిక దొరక్కపోయినా టైటే. సాయంత్రం తూలుతూ వచ్చే రంగుల పనివాడు ఫుల్ టైటు. అలిగిన భార్య మొహం సంగతి చెప్పనే అక్కర్లేదు.

బోల్టు దగ్గర మాత్రం ఆయనకి నవ్వులాట లేదు. వీల్‌కి జనం కూర్చునే డబ్బాలు పదహారు. ఒక్కో డబ్బాకి నాలుగు బోల్టులు. నట్టు బిగించాక, నట్టు మీంచి బోల్టు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. నట్టు వదులైతే గీత రెండు ముక్కలవుతుంది. ఆపరేటర్ రోజూ గీతలు చూసుకుని వీల్ తిప్పుతాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, వీల్ నిండుగా తిరుగుతుండగా, టీ తాగుతున్న తాతకి గుండె గుభేలుమంది. పొద్దున పసుపు రంగు గట్టిపడిపోతోందని, పన్నెండో డబ్బాకి ముందు గీతలు గీసేశాడు. తర్వాత బిగిద్దామనుకున్నాడు. ఇంతలో కూతురు అన్నానికి పిలిచింది. మళ్లీ వెళ్లాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బిగించకపోయినా, ఎవరూ ముట్టకపోతే ఆ గీతలు చక్కగా, నిండుగా కనిపిస్తాయి. వాటిని నమ్మే కదా ఆపరేటర్ తిప్పుతున్నాడు! చెప్తే నలభై ఏళ్ల పరువు పోతుంది. చెప్పకపోతే? పైనుంచి పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి.

“ఆపరా! ఆపు!” అని పరిగెత్తాడు.

వీల్ ఆగింది. పన్నెండో డబ్బాని మెల్లగా కిందికి తెచ్చి, అందులోని అక్కాచెల్లెళ్లని దించారు. తనూ ఫిట్టరే అయిన కూతురు గాభరాగా వచ్చింది.

“ఏంటి నాన్నా?”

“గీతే గీశానేమో అమ్మడూ. బిగించానో లేదో గుర్తు రావట్లేదు.”

తాత అందుకోకముందే ఆమె పానా తెచ్చిచ్చింది. ఆయన నట్టుకి తగిలించి, పళ్లు బిగబట్టి లాగాడు. చెమట కళ్లలోకి కారింది. నట్టు కదలలేదు. ఎక్కడ లేని ప్రాణం లేచొచ్చింది ఆయనకి.

“టైటే! బిగించాను తల్లీ! ఊరికే భయపడి చచ్చాను!”

“అలా పట్టుకుని నిల్చుంటే ఎలా తెలుస్తుంది? లాగి చూడు.”

“లాగానుగా!”

“లాగలేదు నాన్నా. ఇటివ్వు.”

ఆమె పానా తీసుకుని ఒక్క లాగు లాగింది. నట్టు గిర్రున అర చుట్టు తిరిగింది. పసుపు గీత రెండు ముక్కలైంది.

తాత తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్లు మొద్దుబారుతున్నాయని కొన్ని నెలలుగా తెలుసు. చలికి అనుకున్నాడు, వయసుకి అనుకున్నాడు. ఉన్న బలమంతా పెట్టి లాగాడే ఇందాక! పక్కనున్న కూతురికి అది ఊరికే నిల్చున్నట్టు కనిపించింది.

“పోనీలే, ప్రమాదం తప్పింది,” అన్నాడు ఆపరేటర్ చెమట తుడుచుకుంటూ. “మిగతా డబ్బాల సంగతేంటి తాతా?”

“అవి బిగించాను. ఒక్కోటీ గుర్తుంది నాకు,” అన్నాడు తాత.

“ఏ చేత్తో నాన్నా?” అంది కూతురు.

ఆయన కుడిచేతిని వెనక్కి దాచుకున్నాడు. ఆమె తలెత్తి చూసింది. మిగతా పదిహేను డబ్బాల్లోనూ మనుషులున్నారు. వాళ్లని దించాలంటే వీల్‌ని మళ్లీ తిప్పాల్సిందే. ఆపరేటర్ చెయ్యి మీటకి దూరంగా ఆగిపోయింది. అన్నిటికన్నా పైనున్న డబ్బాలోంచి ఎవరో చిన్నపిల్ల, ఇంకా తిప్పరేంటని అరుస్తూ, సీటు మీద ఎగరడం మొదలుపెట్టింది.