మణికట్టు వైద్యానికి మావకి గుండు

ఈ చేతుల్తో నేను చాలా కొంపలు ముంచాను గానీ, సూరన్న మావకి చేసిన దాని ముందు అవన్నీ దిగదుడుపే. చదివాక తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఎవరూ పడలేదు.

సూరన్న నాకు మేనమావ, పిల్లనిచ్చిన మావ కూడా. నౌపడ ఉప్పు మడుల్లో మేస్త్రీగా చేసినవాడు. డెబ్బయ్యేళ్లకీ నెత్తిమీద ఏపుగా ఎదిగిన వరిమడిలాంటి జుట్టు, కింద మెలేసిన మీసం.

ఒకరోజు సైకిలు మీంచి పడ్డాడు. చిన్న బొప్పే కదా అని వదిలేశాం. రెండు నెలలు తిరిగేసరికి కాలి చెప్పు జారిపోయినా తెలీకుండా నడిచేవాడు, మాట తడబడేది. విశాఖపట్నం తీసుకెళ్తే, పుర్రె లోపల పాత రక్తం పేరుకుందన్నారు.

అత్త, నా భార్య ఈశ్వరి ఏడుపు మొదలెట్టారు. అల్లుణ్ణి, నేను ధైర్యంగా ఉండాలి కదా. ధైర్యమంటే డాక్టరమ్మ చెప్పేది వినకుండా గట్టిగా తలాడించడమని అప్పట్లో నా నమ్మకం. ఆవిడ చెప్తూనే ఉంది, నేను ఫోన్లో చుట్టాలకి "మెదడు ఆపరేషన్" అని గొంతు పెంచి చెప్తూనే ఉన్నాను.

సాయంత్రం నర్సు వచ్చి, "రేపు పొద్దున్నే ప్రొసీజరు. షేవింగ్ చేయించి ఉంచండి," అంది.

"పూర్తిగానా సిస్టర్?"

"అవునండీ, నున్నగా ఉండాలి."

మంగలిని పిలిపించాను. కత్తి తగలగానే మావ కళ్లు మూసుకుని, "ఏటి నాయనా, తిరపతి వచ్చీసినామా?" అన్నాడు.

"వచ్చీసినాం మావా, కదలకు."

"మీసం కూడానా బాబూ?" అన్నాడు మంగలి.

"మెదడుకి దగ్గరే కదా, తీసీ."

క్యాంటీన్ నుంచి వచ్చిన అత్త మంచం దగ్గర ఆగి, "ఈయనెవులు బావూ? మా ఆయన ఎక్కడికెల్లినాడు?" అని నన్నే అడిగింది.

పొద్దున్న డాక్టరమ్మ మావ గుండు చూసింది, తర్వాత నన్ను చూసింది. "మేం తల కొయ్యమండీ. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం తలదాకా పంపి, లోపల రక్తం ఊరడానికి కారణమైన నాళాన్ని మూసేస్తాం. తీయమన్నది చేతిమీద వెంట్రుకలు."

మావ చెయ్యి చూశాను. ఎలుగుబంటి చెయ్యి. ఒక్క వెంట్రుక తగ్గలేదు.

"ఆవిడ అంతసేపు సెప్పింది కదా, నువ్వేటి ఇన్నావు?" అంది ఈశ్వరి.

"ధైర్యంగా ఉన్నాను," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మావని లోపలికి తీసుకెళ్లాక మాత్రం ముగ్గురం తలుపు ముందే కూర్చున్నాం. అత్త నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మావ మణికట్టుకి చిన్న పట్టీతో బయటికొచ్చాడు. కొన్ని వారాలకి నడక, మాట తిన్నబడ్డాయి. స్కాన్‌లో పాత రక్తం బాగా తగ్గిందన్నారు.

పలకరించడానికి నరసన్నపేట నుంచి చుట్టాలొచ్చారు. "ఏటి సూరన్నా, తల కోసీసినారా?" అని అడిగారు.

మావ ఇంకా మీసం సరిగ్గా మొలవని మూతి తడుముకున్నాడు. "లేదు. రోగం డాక్టరమ్మ నా సేతిలోంచి తీసీసింది. జుట్టు మా అల్లుడు తీసీసినాడు."

ఆనాడే ఒట్టేసుకున్నాను. డాక్టరు మాట పూర్తయ్యేవరకూ ఫోను ముట్టను, ధైర్యంగా అస్సలుండను. నా గెడ్డం గీసుకోవాలన్నా ముందు ఈశ్వరిని అడిగి, ఎక్కడిదాకానో వేలితో చూపించమంటాను.